ఖాళీ అయిన శాసనసభ స్థానానికి ఉప ఎన్నిక: ఓటరుకూ అభ్యర్థికీ దశలవారీ మార్గదర్శి

ఒక శాసనసభ్యుడు మరణించినా, రాజీనామా చేసినా, అనర్హత వేటు పడినా ఆ నియోజకవర్గంలో ఉప ఎన్నిక మాట వెంటనే మొదలవుతుంది. టికెట్ ఎవరికి వస్తుంది, సానుభూతి ఎటు మొగ్గుతుంది అన్న చర్చ పత్రికల నిండా ఉంటుంది గానీ, అసలు ఎన్నిక ఉంటుందా, ఎప్పటిలోగా ఉండాలి, ఆ లోపు ఓటరుగానో అభ్యర్థిగానో మనం ఏం సిద్ధం చేసుకోవాలి అన్నది చెప్పేవారు తక్కువ. ఇదంతా తేదీల లెక్క. ప్రచార రథాలు వీధుల్లోకి వచ్చేసరికే ఓటరు చేసుకోదగ్గ పనుల్లో సగానికి గడువు తీరిపోతుంది కాబట్టి, సీటు ఖాళీ అయిన రోజు నుంచి గెలిచినవారు ప్రమాణం చేసే దాకా క్రమంలో చూద్దాం. ఇక్కడ చెప్పేది శాసనసభ స్థానాల గురించి. లోక్‌సభ స్థానాలకూ పద్ధతి దాదాపు ఇదే. సర్పంచి, వార్డు సభ్యుల ఖాళీలు రాష్ట్ర ఎన్నికల సంఘం పరిధిలోనివి, వాటి చట్టం వేరు.

మొదటి దశ: సీటు ఏ తేదీన ఖాళీ అయిందో తేల్చుకోండి

మరణం విషయంలో సందేహం ఉండదు, మరణించిన తేదీయే ఖాళీ తేదీ. రాజీనామాలోనే చిక్కుంది. రాజీనామా లేఖను పత్రికల వారికి చూపించినంత మాత్రాన సీటు ఖాళీ కాదు, స్పీకర్ దాన్ని ఆమోదించాలి. 1974లో జరిగిన 33వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఆ రాజీనామా స్వచ్ఛందమైనదీ నిజమైనదీ కాదని స్పీకర్ భావిస్తే ఆమోదించకుండా ఉండవచ్చు. మునుగోడు సభ్యుడు కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి 2022 ఆగస్టు 8న ఇచ్చిన రాజీనామా అదే రోజు ఆమోదం పొంది, మూడు నెలలు తిరగకుండానే పోలింగ్ జరిగిపోయింది. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణకు నిరసనగా గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో చేసిన రాజీనామా మాత్రం 2024 జనవరిలో గానీ ఆమోదం పొందలేదు. అప్పటికి సార్వత్రిక ఎన్నికలే ముంగిట్లోకి వచ్చాయి గనుక విశాఖ ఉత్తరంలో ఉప ఎన్నిక ప్రసక్తే రాలేదు. కాబట్టి రాజీనామా వార్త వినగానే అడగవలసిన మొదటి ప్రశ్న ఆమోదం ఎప్పుడన్నదే.

పార్టీ ఫిరాయింపుల విషయమూ ఇంతే. అనర్హత పిటిషన్ స్పీకర్ వద్ద ఉన్నంత కాలం సభ్యుడు సభ్యుడే, సీటు ఖాళీ కానట్టే. క్రిమినల్ కేసులో రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితే సభ్యత్వం తక్షణం పోతుంది గానీ, పైకోర్టు ఆ దోష నిర్ధారణపై స్టే ఇస్తే తిరిగి వస్తుంది కూడా. 2023 మార్చిలో వయనాడ్ సభ్యత్వం కోల్పోయిన రాహుల్ గాంధీకి ఆగస్టులో సుప్రీంకోర్టు స్టేతో అది తిరిగి దక్కింది. ఎమ్మెల్యేగా ఉంటూ ఎంపీగా గెలిచినవారు ఒక సభను వదులుకోక తప్పదు. ఉత్తమ్ కుమార్ రెడ్డి 2019లో నల్గొండ ఎంపీగా గెలవడంతో ఆయన రాజీనామా చేసిన హుజూర్‌నగర్‌కు అదే ఏడాది అక్టోబరు 21న ఉప ఎన్నిక జరిగింది.

వీటన్నిటికంటే విచిత్రమైనది ఆళ్లగడ్డ ఉదంతం. 2014 ఎన్నికల వేళ అభ్యర్థి శోభా నాగిరెడ్డి పోలింగ్‌కు ముందే రోడ్డు ప్రమాదంలో మరణించారు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి మరణిస్తేనే చట్టం పోలింగ్‌ను వాయిదా వేస్తుంది, ఆమె పార్టీకి అప్పటికి ఆ గుర్తింపు లేదు. పేరు యంత్రంపై అలాగే ఉంది, ఓటర్లు ఆమెనే గెలిపించారు, స్థానం ఖాళీ అయింది, ఆ ఏడాదే ఆమె కుమార్తె అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

రెండో దశ: ఆరు నెలలు, ఏడాది అనే రెండు గడువులను లెక్కకట్టండి

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1996లో చేర్చిన 151ఏ సెక్షన్ ప్రకారం, ఖాళీ ఏర్పడిన తేదీ నుంచి ఆరు నెలల్లోగా ఉప ఎన్నిక జరగాలి. జూబ్లీహిల్స్ సభ్యుడు మాగంటి గోపీనాథ్ 2025 జూన్ 8న మరణించారు. ఆరు నెలల గడువు డిసెంబరు మొదటి వారంతో ముగుస్తుంది, పోలింగ్ నవంబరు 11న జరిగింది.

ఈ నియమానికి రెండు మినహాయింపులు ఉన్నాయి. ఖాళీ అయిన స్థానానికి మిగిలిన పదవీకాలం ఏడాది కంటే తక్కువైతే ఉప ఎన్నిక జరపనవసరం లేదు. ఇక్కడ ఏడాదిని సీటు ఖాళీ అయిన రోజు నుంచి సభ గడువు తీరే రోజు దాకా లెక్కించాలి. ఎన్నిక జరగబోయే రోజు నుంచి కాదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ సభ్యుడు సాయన్న 2023 ఫిబ్రవరి 19న మరణించినప్పుడు నాటి శాసనసభకు ఏడాది కూడా మిగలలేదు కనుక ఉప ఎన్నిక జరగలేదు. ఆ డిసెంబరులో గెలిచిన ఆయన కుమార్తె లాస్య నందిత 2024 ఫిబ్రవరి 23న ప్రమాదంలో మరణించినప్పుడు మాత్రం నాలుగున్నరేళ్లకు పైగా మిగిలి ఉండటంతో మే 13న లోక్‌సభ పోలింగ్‌తో పాటే ఉప ఎన్నిక జరిపారు. ప్రత్యేక హోదా కోసం 2018లో రాజీనామా చేసిన ఐదుగురు వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీల స్థానాలు కూడా ఈ లెక్క వల్లనే ఖాళీగా ఉండిపోయాయి. లోక్‌సభ గడువు 2019 జూన్ 3న తీరుతుండగా, ఆమోదం వచ్చేసరికి ఏడాదికి కొన్ని రోజులు తగ్గాయి.

రెండో మినహాయింపు, నిర్ణీత గడువులో జరపడం కష్టమని కేంద్ర ప్రభుత్వాన్ని సంప్రదించి ఎన్నికల సంఘం ధ్రువీకరించడం. బద్వేలు సభ్యుడు వెంకటసుబ్బయ్య 2021 మార్చి 28న మరణించగా, కొవిడ్ రెండో విడత వల్ల పోలింగ్ అక్టోబరు 30కి, అంటే ఆరు నెలలు దాటిన తరువాతకు వెళ్లింది. మహమ్మారి కాలంలో దాన్ని తప్పుపట్టలేం. కానీ ఈ వెసులుబాటును ఎన్నికల సంఘం అవసరానికి మించి వాడుకున్న సందర్భమూ ఉందని నా అభిప్రాయం. 2023 మార్చిలో ఖాళీ అయిన పుణె లోక్‌సభ స్థానానికి ఏడాదికి పైగా గడువు మిగిలి ఉన్నా ఎన్నిక జరపలేదు. వెంటనే జరపాలని బొంబాయి హైకోర్టు ఆ డిసెంబరులో ఆదేశించింది, దానిపై సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, చివరికి ఆ నగర ఓటర్లు సార్వత్రిక ఎన్నికల దాకా ప్రతినిధి లేకుండానే గడిపారు.

చట్టంలో నేరుగా కనిపించని ఆటంకం మరొకటి ఉంది. ఖాళీ చేసిన సభ్యుడి ఎన్నికనే సవాలు చేస్తూ, తననే విజేతగా ప్రకటించాలని ఓడిన అభ్యర్థి కోరిన పిటిషన్ హైకోర్టులో ఉంటే, అది తేలేదాకా ఉప ఎన్నిక ఆగవచ్చు. తెలంగాణ రాష్ట్ర సమితికీ ఎన్నికల సంఘానికీ మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఉత్తరప్రదేశ్‌లోని మిల్కీపూర్‌కు 2024లో మిగతా స్థానాలతో పాటు ఎన్నిక జరగకపోవడానికీ, 2025 ఫిబ్రవరిలో విడిగా జరగడానికీ ఇటువంటి పిటిషనే కారణం.

మూడో దశ: షెడ్యూలు రాకముందే ఓటర్ల జాబితాలో పేరు చూసుకోండి

ఈ మార్గదర్శిలో ఒక్క దశనే పాటించగలిగితే దీన్ని పాటించండి. నామినేషన్ల చివరి తేదీ దాటాక, ఎన్నిక ముగిసే వరకు జాబితాలో పేరు చేర్చడానికీ, తీసివేయడానికీ, సవరించడానికీ చట్టం ఒప్పుకోదు. దరఖాస్తు అందిన తరువాత అభ్యంతరాలకు వ్యవధి ఇచ్చి, బూత్ స్థాయి అధికారి విచారణ చేయవలసి ఉంటుంది కనుక, నామినేషన్ల చివరి తేదీకి కనీసం పది రోజుల ముందే అది చేరి ఉండాలి. షెడ్యూలు ప్రకటనకూ ఆ తేదీకీ మధ్య చాలాసార్లు పది పదిహేను రోజులకు మించి ఉండదు. ప్రకటన వెలువడ్డాక నింపుదాంలే అనుకున్నవారి దరఖాస్తులు ఈ ఇరుకులోనే చిక్కుకుంటాయి.

కొత్త ఓటుకు ఫారం 6, విదేశాల్లో ఉన్న భారత పౌరులకు ఫారం 6ఏ, చిరునామా మార్పుకూ సవరణలకూ ఫారం 8, ఎవరి పేరుపైనైనా అభ్యంతరం చెప్పడానికి ఫారం 7 వాడాలి. పద్దెనిమిదేళ్ల వయసుకు ఇదివరకు జనవరి 1 ఒక్కటే ప్రాతిపదిక. ఇప్పుడు ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 కూడా అర్హత తేదీలే. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవారు ఫారం 6ఏతో నమోదైనా, ఓటు వేయడానికి పాస్‌పోర్టుతో స్వయంగా పోలింగ్ కేంద్రానికి రావలసిందే.

ఉప ఎన్నిక వేళ జాబితాలోకి బయటివారు రావడం పాత జబ్బు. మునుగోడులో వేల సంఖ్యలో వచ్చిన కొత్త దరఖాస్తులపై వివాదం హైకోర్టు వరకు వెళ్లింది. సాధారణంగా నివసించని చోట ఓటు కోసం అబద్ధపు ధ్రువీకరణ ఇస్తే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. బంధువు కోసమో పార్టీ కోసమో ఓటు మార్చుకుందామనుకునేవారు ఇది తెలుసుకుని ఉండటం మంచిది. ముసాయిదా జాబితాలో మీ ఇంటి నంబరు కింద తెలియని పేర్లు కనిపిస్తే ఫారం 7 ఇవ్వడానికి వెనకాడవద్దు.

నాలుగో దశ: షెడ్యూలును చదవడం

ఎన్నికల సంఘం పత్రికా ప్రకటనకూ గెజిట్ నోటిఫికేషన్‌కూ తేడా ఉంది. ప్రవర్తనా నియమావళి మొదటిదానితోనే అమల్లోకి వస్తుంది, నామినేషన్లు రెండోదానితో మొదలవుతాయి. నోటిఫికేషన్ తరువాత ఏడో రోజు నామినేషన్లకు ఆఖరు, మర్నాడు పరిశీలన, దాని తరువాత రెండో రోజు ఉపసంహరణకు గడువు, ఆ తరువాత కనీసం పద్నాలుగు రోజులకు పోలింగ్. మునుగోడులో 2022 అక్టోబరు 7, 14, 15, 17 తేదీలు సరిగ్గా ఈ లెక్కకు సరిపోతాయి, పోలింగ్ నవంబరు 3న జరిగింది. జూబ్లీహిల్స్‌కు అక్టోబరు 13న నోటిఫికేషన్ రాగా ఏడో రోజైన 20వ తేదీ దీపావళి కావడంతో నామినేషన్ల గడువు 21కి జరిగింది. సెలవు దినం వస్తే గడువు మర్నాటికి మారుతుంది తప్ప ముందుకు రాదు.

ఉపసంహరణ తరువాత ఒక్కరే మిగిలితే పోలింగ్ లేకుండా ఏకగ్రీవంగా ప్రకటిస్తారు. సభ్యుడు మరణిస్తే కుటుంబ సభ్యులపై పోటీ పెట్టకపోవడం ఒకప్పుడు తెలుగునాట మర్యాదగా సాగింది. బద్వేలులోనూ, 2022లో ఆత్మకూరులోనూ తెలుగుదేశం బరిలో నిలవలేదు, అయినా ఇతరులు నిలిచారు కనుక పోలింగ్ తప్పలేదు. దుబ్బాక, నంద్యాల, జూబ్లీహిల్స్‌లలో ఆ మర్యాద జాడ కనిపించలేదు.

ఐదో దశ: నియమావళి ఎంత మేర వర్తిస్తుంది

నియోజకవర్గం రాష్ట్ర రాజధానిలోనో, మహానగరంలోనో, నగరపాలక సంస్థ పరిధిలోనో ఉంటే నియమావళి ఆ నియోజకవర్గానికే పరిమితం. ఇతర చోట్ల, ఆ నియోజకవర్గం విస్తరించి ఉన్న జిల్లాలన్నిటిలో అమలవుతుంది. అంటే చౌటుప్పల్ మండలం వల్ల మునుగోడు కోడ్ నల్గొండతో పాటు యాదాద్రి భువనగిరి జిల్లాకూ వర్తించింది. కొత్త పథకాలు, శంకుస్థాపనలు, లబ్ధిదారుల ఎంపిక ఆగుతాయి. మొదలైన పనులు సాగుతాయి. అయితే హుజూరాబాద్‌లో 2021 ఆగస్టులో ఆరంభమైన దళితబంధును మాత్రం అక్టోబరులో ఎన్నికల సంఘం పోలింగ్ ముగిసేదాకా నిలిపివేసింది. డబ్బు, మద్యం పంపిణీ కంటపడితే ఎన్నికల సంఘం వారి సీవిజిల్ యాప్‌లో ఫోటో లేదా వీడియో పంపవచ్చు, పేరు చెప్పనవసరం లేదు. వ్యాపారులూ, పెళ్లింటివారూ యాభై వేల రూపాయలకు మించి నగదు తీసుకువెళితే బిల్లులు, బ్యాంకు రసీదులు వెంట ఉంచుకోవాలి.

ఆరో దశ: పోటీ చేయదలచినవారికి నామినేషన్

అభ్యర్థికి పరిశీలన నాటికి ఇరవై అయిదేళ్లు నిండి ఉండాలి. ఆ నియోజకవర్గ ఓటరే కానవసరం లేదు, రాష్ట్రంలో ఎక్కడ ఓటున్నా చాలు. అయితే బయటి ఓటరైతే తన పేరున్న జాబితా భాగానికి ధ్రువీకృత ప్రతిని జతచేయాలి. ప్రతిపాదించేవారు మాత్రం ఖచ్చితంగా ఆ నియోజకవర్గ ఓటర్లే కావాలి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు, స్వతంత్రులకూ ఇతరులకూ పదిమంది. స్వతంత్రుల పత్రాలు ఎక్కువగా తిరస్కరణ పాలయ్యేది ఈ పదిమంది దగ్గరే. సంతకం చేసినవారి జాబితా భాగం సంఖ్య, వరుస సంఖ్య తప్పుగా పడటం, ఒకరు పక్క నియోజకవర్గం ఓటరుగా తేలడం వంటివి మామూలు. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల వరకు దాఖలు చేయవచ్చు కనుక, వేర్వేరు ప్రతిపాదకులతో కనీసం రెండు సెట్లు వేయడం తెలివైన పని. డిపాజిట్ ఒక్కసారి కడితే చాలు: పదివేల రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు అయిదు వేలు.

ఫారం 26 అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు, ఆదాయం, చదువు వివరాలుంటాయి. ఏ గడినీ ఖాళీగా వదలకూడదు. వర్తించకపోతే ‘లేదు’ లేక ‘వర్తించదు’ అని రాయాలి. రిటర్నింగ్ అధికారి నోటీసు ఇచ్చాక కూడా ఖాళీలు అలాగే ఉంటే తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మరొకటి అందరూ మరిచేది: ప్రమాణం. నామినేషన్ దాఖలు చేసిన తరువాత, పరిశీలన రోజు రాకముందే రిటర్నింగ్ అధికారి ముందు రాజ్యాంగానికి విధేయత ప్రకటిస్తూ ప్రమాణం చేయాలి. పత్రాలతో పాటే చేసేస్తే బెంగ ఉండదు. దాఖలుకు వేళ ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 గంటల వరకు. ఇతనే తమ అభ్యర్థి అని పార్టీ ధ్రువీకరించే ఏ, బీ ఫారాలు కూడా చివరి రోజు 3 గంటల లోపు చేరాలి. చివరి రోజు వరసలో నిలబడి ఒక చిన్న సవరణకు వ్యవధి లేక చేతులెత్తేయడం కంటే ముందు రోజే వెళ్లడం నయం.

నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చు కోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. శాసనసభ అభ్యర్థి వ్యయ పరిమితి మన రెండు రాష్ట్రాల్లోనూ 40 లక్షల రూపాయలు. ఇది అభ్యర్థికి పెట్టిన హద్దు, పార్టీ ఖర్చుకు హద్దు లేదు. రాష్ట్ర మంత్రులందరూ ఒక్క నియోజకవర్గంలోనే మండలానికొకరుగా మకాం వేసే ఉప ఎన్నికలో ఆ పరిమితికి ఎంత విలువ మిగులుతుందో చూసినవారికి తెలుసు. అయినా స్వతంత్ర అభ్యర్థి విషయంలో లెక్కలు గట్టిగానే అడుగుతారు కాబట్టి పైసా పైసా రాసి పెట్టుకోవాలి. ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లో లెక్క ఇవ్వకపోతే మూడేళ్ల అనర్హత ఎదురవుతుంది.

ఏడో దశ: గుర్తు, యంత్రం

ఉపసంహరణ గడువు ముగిశాక స్వతంత్రులకు గుర్తులు కేటాయిస్తారు. మునుగోడులో తమ కారు గుర్తును పోలి ఉందని అధికార పార్టీ అభ్యంతరం చెప్పిన రోడ్డు రోలర్‌ను అప్పటికే కేటాయించిన అభ్యర్థి నుంచి రిటర్నింగ్ అధికారి మార్చేశారు. ఎన్నికల సంఘం ఆ అధికారిని తప్పించి, గుర్తును తిరిగి ఇప్పించింది. ఒకసారి కేటాయించిన గుర్తును స్థానికంగా మార్చే అధికారం లేదని అభ్యర్థులు గుర్తుంచుకోవాలి. ఒక బ్యాలెట్ యూనిట్‌పై నోటాతో కలిపి పదహారు పేర్లు పడతాయి. మునుగోడులో 47 మంది, నోటా కలిపి మూడు యూనిట్లు కిక్కిరిసిపోయాయి, జూబ్లీహిల్స్‌లో 58 మంది ఉండటంతో నాలుగు యూనిట్లు పెట్టవలసి వచ్చింది. ఓటరు తన అభ్యర్థి ఏ యూనిట్‌పై ఎన్నో వరుసలో ఉన్నారో ముందే తెలుసుకుని వెళితే గదిలో తడబాటు ఉండదు.

ఎనిమిదో దశ: పోలింగ్ రోజు

పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు ప్రచారం, మద్యం అమ్మకం ఆగుతాయి, నియోజకవర్గ ఓటర్లు కాని పార్టీవారు బయటకు వెళ్లిపోవాలి. వేతనంతో కూడిన సెలవు నియోజకవర్గం లోపల పనిచేసేవారికే అనుకుంటారు గానీ, అక్కడ ఓటుండి బయట పనిచేసేవారికీ, రోజుకూలీలకూ ఆ హక్కు ఉంది. మునుగోడు ఓటర్లలో ఎందరో హైదరాబాద్‌లో బతుకుతున్నవారే, అక్కడ పోలింగ్ 93 శాతం దాటింది. నగరం నడిబొడ్డున ఉన్న జూబ్లీహిల్స్‌లో అది సగానికీ చేరలేదు. ఎనభై అయిదేళ్లు దాటినవారు, 40 శాతం పైగా వైకల్యం ఉన్నవారు ఇంటి నుంచి ఓటు వేయాలంటే నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోపు ఫారం 12డీ ఇవ్వాలి. ఇదీ ప్రచారం ఊపందుకోకముందే తీరిపోయే గడువే.

ఓటరు కార్డు లేకపోయినా ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్ వంటివి చాలు, జాబితాలో పేరు మాత్రం ఉండాలి. మీ పేరుతో అప్పటికే ఎవరో ఓటు వేసి వెళ్లారని చెబితే వెనుదిరగవద్దు. ప్రిసైడింగ్ అధికారి ప్రశ్నలకు జవాబిచ్చి గుర్తింపు నిరూపించుకుంటే టెండర్ ఓటు ఇస్తారు. అది యంత్రంపై కాదు, కాగితపు బ్యాలెట్‌పై వేస్తారు, విడి కవరులో పెడతారు. మామూలు లెక్కింపులో దాన్ని తీయరు గానీ, స్వల్ప తేడాతో ఫలితం కోర్టుకెక్కితే ఆ కవరే సాక్ష్యం. దొంగ ఓటరని అనుమానం వస్తే పోలింగ్ ఏజెంటు రెండు రూపాయలు కట్టి సవాలు చేయవచ్చు. ఆరోపణ పసలేనిదని తేలితే ఆ రెండు రూపాయలూ జప్తవుతాయి. ఏజెంట్లు పోలింగ్‌కు ముందు యంత్రాన్ని పరీక్షించే మాక్ పోల్‌కు తప్పక హాజరై, సాయంత్రం పోలైన ఓట్ల సంఖ్య ఉన్న 17సీ ఫారం ప్రతిని సంతకంతో తీసుకోవాలి. లెక్కింపు రోజు ప్రశ్నించడానికి చేతిలో ఉండే కాగితం అదొక్కటే.

తొమ్మిదో దశ: లెక్కింపు, ఆ తరువాత

ముందు పోస్టల్ బ్యాలెట్లు, తరువాత యంత్రాలు. సాధారణంగా పద్నాలుగు టేబుళ్లు ఉంటాయి, జూబ్లీహిల్స్‌లో 42 టేబుళ్లు వేయడంతో పది రౌండ్లలో ముగిసింది. ఏజెంటు ప్రతి రౌండ్‌లోనూ యంత్రం సంఖ్యనూ ఓట్ల మొత్తాన్నీ తన 17సీతో సరిచూసుకోవాలి. చివరలో లాటరీ తీసి అయిదు బూత్‌ల వీవీప్యాట్ చీటీలు (ఓటు ఎవరికి పడిందో చూపే కాగితాలు) లెక్కిస్తారు. చంద్రబాబు నాయుడు తదితరులు వేసిన వ్యాజ్యంలో 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతోనే ఒక బూత్ అయిదయ్యాయి. రీకౌంటింగ్ కోరాలంటే కారణాలు రాసి, ఫలితం ప్రకటించక ముందే అడగాలి. 2020లో దుబ్బాకలో రఘునందన్ రావు 1,079 ఓట్ల తేడాతో గెలిచారు; అంత తక్కువ తేడా ఉన్నచోట ఈ కొద్ది నిమిషాల వ్యవధి విలువ తెలుస్తుంది. చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే డిపాజిట్ గల్లంతవుతుంది, ఆ లెక్కలో నోటా ఓట్లు చేరవు.

గెలిచినవారు సభలో ప్రమాణం చేశాక మిగిలిన కాలానికే సభ్యులు. జూబ్లీహిల్స్‌లో 24,729 ఓట్ల ఆధిక్యంతో గెలిచిన నవీన్ యాదవ్ పదవీకాలం 2023 డిసెంబరులో కొలువుదీరిన ఈ శాసనసభ అయిదేళ్ల గడువుతోనే ముగుస్తుంది. ఫలితంపై అభ్యంతరం ఉంటే ఓడిన అభ్యర్థే కాదు, ఆ నియోజకవర్గ ఓటరు ఎవరైనా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయవచ్చు. దానికి గడువు ఫలితం వెలువడిన తేదీ నుంచి 45 రోజులు.